ఉపేంద్ర నింపిన ఫారం

2011 సెప్టెంబరు 15, గురువారం

ఫైలును గజేందర్ తన అల్మారాలో దుప్పట్ల కింద దాచాడు. దాచడం నా కొడుక్కి చిన్నప్పటి నుంచీ రాదు. ఆరో తరగతి ప్రోగ్రెస్ కార్డు కూడా దుప్పట్ల కిందే దొరికింది. ముప్పై ఒక్క ఏళ్ళు ఆడపిల్లల బడిలో జీవశాస్త్రం చెప్పి, ఆఖరున హెడ్మిస్ట్రెస్‌గా దిగిపోయిన మనిషి ఇంట్లో ఉండగా కాగితం దాచడమంటే అది దాచడం కాదు, చదవమని పిలవడం.

ఉపేంద్ర మెడ మీది గడ్డ పేరు నాకు ముందే తెలుసు. లింఫోమా. ఇరవై మూడేళ్ళవాడు నా మనవడు. "నయమయ్యే రకమేనమ్మా" అని డాక్టరు నాలుగుసార్లు చెప్పాడు. ఒకసారి చెబితే సరిపోయే మాట నాలుగుసార్లు ఎందుకు చెప్పాడని నేను ఆలోచించలేదు.

ఆలోచించాను.

ఫైలు చివరి కాగితంలో డాక్టరు ఇంగ్లీషులో రాశాడు. ఈ మందుల వల్ల ముందు ముందు పిల్లలు కలగకపోయే అవకాశం ఉంది, కాబట్టి కీమో మొదలుపెట్టే లోపల వీర్యం భద్రపరచుకోవడం మంచిది, తండ్రికి చెప్పాము. "తండ్రికి" కింద గీత కూడా గీశాడు. కీమో ఇరవై ఆరున.

తండ్రి ఎవరికీ చెప్పలేదు.

సెప్టెంబరు 16

సకల జనుల సమ్మెకు నాలుగో రోజు. గజేందర్ ఆఫీసుకు తాళం. పొద్దున్నే తిని ఎల్బీనగర్ చౌరస్తా శిబిరంలో కూర్చుంటున్నాడు. నిన్న మైకులో ముప్పావు గంట మాట్లాడాడట. వాడు ఇంటికి రాగానే ఫైలు ముందర పెట్టాను.

"ఏందిరా ఇది?"

"అమ్మా, నువ్వెందుకు సదివినవే గది?"

"కండ్లున్నయి గనుక. పోరనికి చెప్పినవా?"

"ఎట్ల చెప్పాల్నే? తండ్రిని. ఏమని నోరు తెర్వాలె? ముందుగాల వాడు మంచిగ కానీ. గవన్నీ తర్వాత."

"తర్వాత ఉండయనే గదరా డాక్టర్ ఇప్పుడు చెప్పింది!"

వంటింట్లోంచి సూర్యప్రభ వచ్చింది. తెనాలి పిల్ల. ఇరవై ఆరేళ్ళుగా మా ఇంట్లో ఉన్నా ఆ యాస మీద ఈగ వాలనివ్వదు. కాగితం చదివి కుర్చీలో కూలబడింది.

"నాతో ఒక్క మాటన్నా అనలేదేంటండీ?"

గజేందర్ నేల చూశాడు. రాష్ట్రం గురించి ముప్పావు గంట, కొడుకు గురించి అర నిమిషం కూడా లేదు. పాపం, వాడి చెవులు ఎర్రబడ్డాయి. యాభై దాటినవాడి చెవులు అలా ఎర్రబడితే చూడటానికి బాగుండదు.

"మరి వాడికి ఎవరు చెబుతారు?" అంది సూర్యప్రభ.

ఇద్దరూ నావైపు చూశారు. ఈ ఇంట్లో సంప్రదింపుల కమిటీ ఎప్పుడూ నేనొక్కదాన్నే.

సెప్టెంబరు 17

డాబా మీద ఆరేసిన బట్టలు తీస్తూ చెప్పాను. చేతులకు పని ఉంటే నోరు సాఫీగా కదులుతుంది.

పదో తరగతి పుస్తకంలో ప్రత్యుత్పత్తి పాఠం ఒకటి ఉండేది. ముప్పై ఒక్క ఏళ్ళూ, ప్రతి ఏడూ, దాని దగ్గరికి రాగానే "ఇది ఇంటి దగ్గర చదువుకోండి" అని పేజీ తిప్పేసి మొక్కల్లోకి వెళ్ళిపోయేదాన్ని. పిల్లలు కూడా అడిగేవారు కారు. ఆ ముప్పై ఒక్క బ్యాచీలకు ఎగ్గొట్టిన పాఠమంతా ఈరోజు దుప్పట్లు మడుస్తూ ఒక్కడికే చెప్పాను. కణాలు ఎలా విభజన చెందుతాయి, ఈ మందు వేగంగా విభజన చెందే కణాలను ఎందుకు చంపుతుంది, దానికి మంచి కణమేదో చెడ్డ కణమేదో ఎందుకు తెలియదు, ముందుగా తీసి గడ్డకట్టిస్తే ఎలా నిలుస్తాయి. అంతా.

ఉపేంద్ర చివరిదాకా విన్నాడు.

"నాకు ఎరుకే నాయనమ్మా. నెట్‌ల చదివిన. దిల్‌సుఖ్‌నగర్ల ఒక సెంటర్ గూడ చూసి పెట్టుకున్న. ఇంట్ల ఎట్ల చెప్పాల్నో సమజ్ గాక ఊకున్న."

"మరి నడిమిట్ల ఆపకపోతివి?"

"మంచిగ చెప్తున్నవ్ గదా. బొమ్మ గూడ గీస్తవేమో అని చూసిన."

ఇంకా ఆరని తువ్వాలు విసిరాను. తగల్లేదు. వాడు నవ్వాడు. మెడ మీద గడ్డ కూడా నవ్వుతో కదిలింది. నేను తాడు మీద మిగిలిన క్లిప్పులు తీసుకున్నాను.

సెప్టెంబరు 19, సోమవారం

పొడుగ్గా రాయాలి. ఇలాంటి రోజు మళ్ళీ రాదు. రాకూడదు కూడా.

నేటి నుంచి బస్సులు బంద్. గజేందర్ "శిబిరంల ఉండాలె" అన్నాడు. ఉండనీ. సూర్యప్రభ వస్తానంటే ఉపేంద్ర "అమ్మ వద్దు" అన్నాడు. తల్లితో చెప్పుకోలేనివి నాయనమ్మతో చెప్పుకోవచ్చన్నది ఏ పుస్తకంలోనూ లేదు, అయినా అందరికీ తెలుసు. కాబట్టి డెబ్భై రెండేళ్ళ వయసులో వాడి బండి వెనక ఒకవైపుగా కూర్చుని, చీర కుచ్చిళ్ళు ఒక చేత్తో, మనవడి చొక్కా ఒక చేత్తో పట్టుకుని ఎల్బీనగర్ నుంచి బయలుదేరాను.

కొత్తపేట దగ్గర రోడ్డు మీదే వంటావార్పు. మధ్యలో రాళ్ళ పొయ్యి, గుండిగ, చుట్టూ జెండాలు. బండి ఆగింది. గరిటె పట్టుకున్న ఆడమనిషి నన్ను చూసి కేకేసింది.

"టీచర్! మా స్వరూపరాణి టీచర్!"

సైదమ్మ. నా దగ్గర చదివిన పిల్ల. ఇప్పుడు తనూ టీచరే, సమ్మెలో ఉంది.

"ఎటు పోతున్రు టీచర్ ఇంత ఎండల?"

డెబ్భై రెండేళ్ళలో అబద్ధం ఆడటం నేను సరిగ్గా నేర్చుకోలేదు. "కండ్ల దవాఖానకు" అన్నాను.

"అయ్యో, కండ్లకేమైంది?"

"మనుషులు గుర్తువడ్తలేరు అక్కా" అన్నాడు ముందు కూర్చున్న దొంగ.

"నన్ను గుర్తువట్టింది గదరా తమ్మీ!"

"గొంతు ఇని."

సైదమ్మ వదిలితేనా. ఇద్దరికీ విస్తరాకులో కిచిడీ పెట్టింది. తిన్నాక మైకు చేతికిచ్చింది. "మా టీచర్ రెండు మాటలు మాట్లాడ్తది!" ఏం మాట్లాడాలి? పిల్లల పిల్లలకు దక్కాల్సింది దక్కాలని, దాన్ని ఇప్పుడే జాగ్రత్త చేసుకోకపోతే తర్వాత దొరకదని మాట్లాడాను. చప్పట్లు కొట్టారు. నా మనసులో ఉన్న విషయం వేరని తెలిసినవాడు ఒక్కడే. వాడు బండి హ్యాండిల్ మీద తల పెట్టుకుని, నవ్వాపుకోలేక భుజాలు ఎగరేస్తున్నాడు.

సెంటరు దిల్‌సుఖ్‌నగర్‌లో ఒక కోచింగ్ సెంటరు పైన ఉంది. మెట్లు ఒకటే. కింది అంతస్తులో ఉద్యోగాల కోసం చదివేవాళ్ళు, పై అంతస్తులో పిల్లల కోసం తిరిగేవాళ్ళు. హాల్లో అందరూ జంటలే. మమ్మల్ని చూసి ఒకావిడ భర్త చెవిలో ఏదో అంది. ల్యాబు పిల్ల పేరు సౌందర్య. "పేషెంట్ ఎవరమ్మా?" అని నన్నే అడిగింది.

"నేనైతే కాదు బిడ్డా" అన్నాను.

ఉపేంద్ర లోపలి గదికి వెళ్ళాడు. పది నిమిషాలకు తలుపు సందులోంచి తల బయటపెట్టాడు.

"నాయనమ్మా, నువ్వు జర కిందికి పో."

"నేనిక్కడుంటే నీకేంది?"

"నువ్వు దగ్గుతుంటే ఇనవస్తున్నది."

దిగాను. కోచింగ్ సెంటరు మెట్ల మీద కూర్చున్నాను. లోపల ఎవరో జీవశాస్త్రం చెబుతున్నాడు. తప్పు చెబుతున్నాడు. గుండె గదులు తారుమారు చేశాడు. వేరే రోజైతే లోపలికి వెళ్ళేదాన్ని. ఈరోజు దగ్గు కూడా బిగబట్టుకుని కూర్చున్నాను.

పైకి వెళ్ళేసరికి పని అయిపోయింది. వాడు నా ముఖం చూడలేదు. నేనూ చూడలేదు. ఇద్దరం గోడ మీద ఉన్న పసిపిల్లల క్యాలెండరు చూశాం.

నాకు ఒక భయం ఉంది. సింగరేణిలో బొగ్గు ఆగింది, రోజూ కరెంటు కోత. సౌందర్యను అడిగాను, మీ ఫ్రిజ్ ఆగిపోతే ఎట్ల అని.

"ఫ్రిజ్ కాదమ్మా, ద్రవ నైట్రోజన్. కరెంటుతోటి పని లేదు" అంటూ ఒక పెద్ద క్యాను మూత ఎత్తింది. తెల్లటి పొగ నేలమీదికి జారింది. సున్నాకు కింద నూటతొంభై ఆరు డిగ్రీలు. సమ్మె సెగ తగలనిది ఈ ఊళ్ళో అదొక్కటే.

ఫారం ఇచ్చారు. అయిదు పేజీలు. ఆఖరి పేజీలో: నమూనా ఇచ్చిన వ్యక్తి మరణించినచో. నాలుగు గడులు. భార్యకు ఇవ్వాలి. పరిశోధనకు ఇవ్వాలి. నాశనం చేయాలి. ఇతరులకు ఇవ్వాలి, పేర్లు రాయండి.

ఉపేంద్ర ఆ పేజీ ఖాళీగా వదిలేశాడు.

"తర్వాత ఇయ్యుండ్రి, కానీ ఇయ్యాలె" అంది సౌందర్య. "ఇంట్లోళ్ళది సాక్షి సంతకం గూడ గావాలె."

మడిచి నా సంచిలో పెట్టుకున్నాను.

సెప్టెంబరు 22

రెండోసారి. ఈసారి కిందే ఉన్నాను. మొత్తం ఏడు సన్నని గొట్టాలు, అన్నిటి మీదా వాడి పేరు.

సెప్టెంబరు 26

కీమో మొదలు. ఆరు గంటలు. సూది గుచ్చేటప్పుడు వాడు నా చెయ్యి పట్టుకోలేదు. నేను వాడి చెయ్యి పట్టుకున్నాను.

అక్టోబరు 4

సద్దుల బతుకమ్మ. గల్లీలో పాటలు. సూర్యప్రభ కూడా తంగేడు పూలు పేర్చింది, ఆ తెనాలి చేతులతో, చక్కగా. పూల వాసనకు ఉపేంద్రకు వాంతి వచ్చింది. బతుకమ్మను వాకిట్లోకి మార్చాం.

పూలు పేరుస్తూ అంది, "అత్తయ్యా, ఆ ఫారంలో నాలుగో గడి ఉందన్నారే. ఇతరులకు అని. వాడు ఎవరి పేరు రాస్తాడంటారు?"

"పండగ పూట ఏం మాటలు అవి?" అని కసిరాను.

మధ్యాహ్నం ఫారం తీసి చూశాను. ఊరికే. నాలుగో గడి ఎదురుగా రెండు పేర్లు పట్టేంత చోటు ఉందో లేదో చూడాలనిపించింది. రాసి చూశాను. గజేందర్, సూర్యప్రభ. పడతాయి. పెన్సిల్‌తోనే రాశాను. పెన్సిల్ రాత రాత కాదు.

నేనేమీ ఆశ పెట్టుకోలేదు. మునిమనవడిని ఎత్తుకోవాలన్న చాదస్తం నాకెప్పుడూ లేదు. ఎదురింటి అరుణమ్మకు ఉంది, ఆమె చెప్పుకుని తిరుగుతుంది. నేను అలాంటిదాన్ని కాను.

అక్టోబరు 10

రెండో కీమో. నోరంతా పుళ్ళు. మజ్జిగ ఒక్కటే దిగుతోంది.

మగపిల్లవాడైతే మా ఆయన పేరు కలిసేలా. ఇది ఎందుకు రాశానో తెలియదు.

అక్టోబరు 17

జ్వరం నూట నాలుగు. తెల్లకణాలు పడిపోయాయి. దవాఖానలో చేర్చాం. గజేందర్ శిబిరం నుంచి నేరుగా వచ్చాడు, మెడలో గులాబీ కండువాతోనే. వార్డు బయట దాన్ని తీసి మడిచి, విప్పి, మళ్ళీ మడిచాడు.

అక్టోబరు 18

తగ్గలేదు. లోపలికి ఒక్కరినే పంపుతున్నారు, మూతికి గుడ్డ కట్టుకుని. వాడి తలుపు దగ్గర బెంచీ మీద నేనూ సూర్యప్రభా. ఆమె ఒక మాట అంది. నేను "ఊఁ" అన్నాను. అంతే. ఊఁ అన్నంత మాత్రాన ఒప్పుకున్నట్టు కాదు.

అక్టోబరు 19

అదే జ్వరం.

అక్టోబరు 20

తగ్గింది. గజేందర్ కారిడార్‌లో నర్సు ముందరే ఏడ్చాడు. చెవులు మళ్ళీ ఎర్రబడ్డాయి. ఈసారి చూడటానికి బాగానే ఉంది.

అక్టోబరు 22, శనివారం

నిన్న ఇంటికి తెచ్చాం. పొద్దున మంచం మీద దిండుకు ఆనుకుని కూర్చుని అడిగాడు.

"నాయనమ్మా, సెంటర్ ఫారం ఏది?"

"ఇప్పుడెందుకురా?"

"గావాలె. ఇయ్యి."

సంచిలోంచి తీసిస్తున్నప్పుడు పెన్సిల్ సంగతి గుర్తొచ్చింది. అప్పటికే ఆఖరి పేజీ తిప్పాడు. చాలాసేపు చూశాడు. బడిలో నేను పిల్లల పుస్తకాలను అలా చూసేదాన్ని.

"ఎవరు రాసిండ్రు ఇది?"

"పెన్సిలే గదరా. చెరిపేయొచ్చు."

"నీ రాత నాకు ఎరుక లేదా? అక్షరాలు నేర్పిందే నువ్వు." కాగితం ఒళ్ళో పెట్టుకున్నాడు. "నాయనమ్మా, దవాఖానల నాకు తెలివి ఉండె. తలుపు సందులకెల్లి అన్నీ ఇనవడ్డయి. అమ్మ ఏమన్నది? 'కనీసం అవైనా ఉన్నాయి కదత్తయ్యా' అన్నది. నువ్వు ఊఁ అన్నవ్."

నేను కళ్ళద్దాలు తీసి కొంగుతో తుడవడం మొదలుపెట్టాను.

"మీ మీద నాకు కోపం లేదు" అన్నాడు. పుళ్ళ వల్ల మాట మెల్లగా వస్తోంది. "కానీ ఇను. గవి నాకోసం పెట్టుకున్నయ్. నేను మంచిగైనంక, ఎవరన్న పిల్ల నన్ను చేసుకుంటె, నేను నాయన గావాలని. నేను పోతే నా బదులు ఎవరి కడుపులనన్న పెంచి ఇంకొకన్ని తెచ్చుకునేటందుకు గాదు."

"అట్ల ఎవరన్నరురా..."

"అనకున్నా గట్లనే అయితది. పుట్టంగనే వాన్ని నా ఫోటో ముంగట నిలవెడ్తరు. నా అంగీలు తొడిగిస్తరు. నా లెక్క నవ్విండా, నా లెక్క నడిచిండా అని చూస్తనే ఉంటరు. వాడు ఎన్నడన్న వాని లెక్క నవ్వుతడా? పాపం, వాడేం జేసిండు?"

పెన్ను తీసుకుని మూడో గడిలో టిక్కు పెట్టాడు. నాశనం చేయాలి. పక్కన సంతకం చేసి, తారీఖు వేసి, ఫారం నాకిచ్చాడు.

"సాక్షి సంతకం నువ్వు పెట్టు."

"మీ నాయన పెట్టడా?"

"నాయన చదవకుండ పెడ్తడు. అమ్మ చదివి పెట్టది. నువ్వైతే చదివి పెడ్తవ్."

"పెట్ట" అన్నాను. లేచి వచ్చేశాను.

అక్టోబరు 23

పెట్టను.

సాయంత్రం. ఇంకా పెట్టలేదు. వాడు అడగలేదు. అడిగితే తిట్టవచ్చునని తిట్లు సిద్ధం చేసుకుని కూర్చున్నాను. మంచి తిట్లే. వృథా అయ్యాయి.

అక్టోబరు 24, సోమవారం

దవాఖాన బెంచీ మీద నేను ఏమనుకున్నానో ఈ పుస్తకంలో రాయలేదు. ఎవరూ చదవని పుస్తకంలో కూడా అబద్ధం రాసుకుంటే ఇంక నిజం ఎక్కడ రాయాలి? సూర్యప్రభ ఆ మాట పైకి అంది. అంతకు ముందు రోజే నేను లోపల అనుకున్నాను. లోపల వాడికి నూట నాలుగు జ్వరం, బయట నాకు ఏడు గొట్టాల ధైర్యం. అదీ సంగతి.

పొద్దున వాకిట్లో కుర్చీ వేసుకుని ఆ పుట్టబోయే పిల్లవాడిని ఊహించుకున్నాను. ముఖం పెట్టాలని చూశాను. కళ్ళు ఉపేంద్రవి. కాదు, వేరేవి పెడదామని చూస్తే ముక్కు ఉపేంద్రది. నవ్వించి చూశాను, భుజాలు ఎగరేశాడు. గంటసేపు కూర్చున్నా ఆ పిల్లవాడికి వాడిదంటూ ఒక్క కనుబొమ్మ కూడా ఇవ్వలేకపోయాను.

వాడు చెప్పింది అదే కదా.

సాయంత్రం టీవీలో సమ్మె వాయిదా అని చెప్పారు. గజేందర్ రేపటికి ఆఫీసు చొక్కా ఇస్త్రీ చేసుకుంటున్నాడు. నేను ఫారం, కళ్ళద్దాలు, పెన్ను తీసుకుని ఉపేంద్ర గదిలోకి వెళ్ళాను. మొదటి పేజీ నుంచి చదివాను. అయిదు పేజీలూ. వాడు ఓపిగ్గా చూశాడు.

పెన్ను మూత తీశాక గడపలోంచి మాట వినిపించింది.

"అత్తయ్యా, పెట్టకండి." సూర్యప్రభ. ఎంతసేపటి నుంచి నిలబడిందో. "పెట్టకండి. మీకు దణ్ణం పెడతాను. అదొక్కటన్నా ఉండనివ్వండి."

"ఉంటయ్ బిడ్డా" అన్నాను. "వాడున్నన్ని రోజులు ఉంటయ్. ఎవ్వరూ ముట్టరు."

"వాడు లేకపోతే?"

ఆ మాట ఇన్నాళ్ళూ ఈ ఇంట్లో ఎవరూ అనలేదు. అన్నాక అదీ ఒక మాటే అని తెలిసింది. ఉపేంద్ర చెయ్యి చాపాడు. ఆమె వచ్చి మంచం అంచున కూర్చుంది.

"వాడు లేకపోతే మనకు వాడు లేనట్టే సూర్యప్రభా. ఏడు గొట్టాలు గాదు, డెబ్భై ఉన్నా అంతే."

ఆమె కొడుకు భుజం మీద తల పెట్టుకుని ఏడ్చింది. వాడు తల్లి వీపు నిమురుతూ నన్ను చూశాడు. నేను సంతకం పెట్టాను. సంబంధం అన్నచోట "నాయనమ్మ" అని రాశాను. నా చేతిరాత ఇంత వంకరగా ఎప్పుడూ లేదు. పిల్లలు రాస్తే రెండు మార్కులు తగ్గించేదాన్ని.

"కోపమొచ్చిందా నాయనమ్మా?"

"రాదా మరి? నాకు ఇంకో దారి లేకుండ చేసినవ్. ఇగ నువ్వే బతకాలె."

"బతుకుత తియ్."

"తియ్ ఏందిరా తియ్? సక్కగ చెప్పు."

"బతుకుత, టీచర్."

సూర్యప్రభ ముక్కు తుడుచుకుంటూ నవ్వింది. నాకు మాత్రం ఆ గొంతు చాలలేదు. ఇంకోసారి చెప్పమన్నాను. చెప్పాడు.